మార్పిడి తూకంలో మనిషి సమ్మతి ఎక్కడ?

రైల్వే, తపాలా ఉద్యోగుల పత్రికలో హాకీ ఆటగాళ్ళ మార్పిడి గురించి వ్యాసమేమిటని కొందరు పాఠకులకు సందేహం కలుగవచ్చును. పరిష్కారానికి నోచుకోని సమస్యలు మన ముందు కొండలా పేరుకొని ఉండగా ఆటల ముచ్చట దేనికని వారు ప్రశ్నించవచ్చును. ప్రశ్న సబబైనదే. అయితే బదిలీ ఉత్తర్వు అనే అరఠావు కాగితం ఎంతటి పదునైన ఆయుధమో మన పాఠకులకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. ఉత్తర అమెరికాలోని హాకీ జట్ల యజమానులు అటువంటి కాగితంతోనే ఒక కార్మిక సంఘాన్ని పురిటిలోనే నులిమివేశారు. ఆ వృత్తాంతం తెలుసుకొనడం మనకు కాలక్షేపం కాదు. నిత్యం మనకు ఎదురయ్యే సమస్యకు అది అద్దం పడుతున్నది.

ముందుగా ఒక వివరణ. ఇక్కడ ప్రస్తావిస్తున్నది ధ్యాన్‌చంద్ పచ్చిక మీద ఆడిన హాకీ కాదు. కెనడా, అమెరికా దేశాలలో కాళ్ళకు స్కేట్లు తొడుగుకొని మంచుగడ్డ మీద ఆడే హాకీ. 1917లో ఏర్పడిన నేషనల్ హాకీ లీగ్ ఆ ఆటను నడిపించే ప్రధాన వ్యాపార వ్యవస్థ. అందులోని జట్లు ప్రైవేటు యజమానుల ఆస్తులు. ఆటగాడు ఒక జట్టుతో ఒప్పందం చేసుకొని జీతం తీసుకొంటాడు. యాజమాన్యం ఆ ఒప్పందాన్ని మరొక జట్టుకు అప్పగించి, బదులుగా వేరొక ఆటగాడినో, రాబోయే కాలంలో కొత్త ఆటగాళ్ళను ఎంపిక చేసుకొనే హక్కునో పొందవచ్చును. పూర్వం నగదు సైతం పుచ్చుకొనేవారు. దీనిని అక్కడ ట్రేడ్ అంటారు. మనం మార్పిడి అందాము. మార్పిడి జరిగినదని కబురు రాగానే ఆటగాడు పెట్టె సర్దుకొని కొత్త ఊరిలో హాజరు కావలసి ఉంటుంది.

ఇటువంటి ప్రతిపాదన ఏదైనా బయటకు పొక్కగానే అక్కడి పత్రికలు త్రాసు చేతబడతాయి. ఇతడు ఎన్ని గోల్స్ చేశాడు, వయస్సెంత, జీతమెంత, ఒప్పందం ఇంకా ఎన్నేళ్ళున్నది, ప్రతిగా వచ్చేవాడు ఏపాటివాడు అని లెక్కలు కడతాయి. ఫలానా జట్టుకు లాభం, ఫలానా జట్టుకు నష్టం అని తీర్పు చెబుతాయి. ఆ తూకంలో ఇద్దరు యజమానుల ప్రయోజనాలకు మాత్రమే చోటున్నది. మార్పిడి అవుతున్న మనిషి తక్కెడలోని సరుకే గాని, తూకం సరిగా ఉన్నదా లేదా అని చెప్పే హక్కు కలవాడు కాడు. ఆ మనిషి సమ్మతిని లెక్కలోకి తీసుకోని తూకం ఎంత నిక్కచ్చిగా కనిపించినా అది దొంగతూకమేనని మా అభిప్రాయం. ఈ అభిప్రాయానికి ఆధారం 1957 నాటి ఒక మార్పిడి.

1957 నాటి ప్రతిపాదన

ఆనాడు లీగులో ఉన్నవి ఆరే జట్లు. 1956-57 ఆటల కాలంలో డెట్రాయిట్ రెడ్ వింగ్స్ పట్టికలో మొదటి స్థానంలో నిలిచింది. షికాగో బ్లాక్ హాక్స్ అట్టడుగున ఉన్నది. 1957 జులైలో డెట్రాయిట్ జనరల్ మేనేజర్ జాక్ ఆడమ్స్ ఒక మార్పిడిని ఖరారు చేశాడు. దాని ప్రకారం టెడ్ లిండ్సే, గోల్ కీపర్ గ్లెన్ హాల్ షికాగోకు వెళ్ళాలి. ప్రతిగా జానీ విల్సన్, ఫోర్బ్స్ కెన్నెడీ, హ్యాంక్ బాసెన్, బిల్ ప్రెస్టన్ అనే నలుగురు డెట్రాయిట్‌కు రావాలి.

క్రీడా పత్రికల పద్ధతిలోనే దీనిని తూచి చూద్దాం. లిండ్సే సామాన్య ఆటగాడు కాడు. గోర్డీ హౌ, సిడ్ ఏబెల్‌లతో కలిసి ఆయన ఆడిన వరుసకు, మోటారు కార్ల కర్మాగారాల నగరమైన డెట్రాయిట్‌లో ‘ప్రొడక్షన్ లైన్’ అనే పేరు వచ్చింది. 1950, 1952, 1954, 1955 సంవత్సరాలలో ఆ జట్టు స్టాన్లీ కప్ గెలిచినప్పుడు ఆయన అందులో ఉన్నాడు. మార్పిడికి ముందటి ఆటల కాలంలో 30 గోల్స్ చేసి, మరి 55 గోల్స్‌కు పాసులు అందించి, మొత్తం 85 పాయింట్లతో లీగులో రెండవ స్థానంలో నిలిచాడు. ఆయన జీవితంలో అంతకు మించిన సంవత్సరం లేదు. హాల్ వయస్సు అప్పటికి పాతికేళ్ళు. ఆ ఏడాది లీగు ఉత్తమ జట్టుకు ఎడమ పార్శ్వంలో లిండ్సే, గోల్ వద్ద హాల్ ఎంపికైనారు.

యాజమాన్యం పక్షాన చెప్పదగిన మాటలు కూడా లేకపోలేదు. లిండ్సేకు ముప్పై రెండేళ్ళు నిండబోతున్నాయి. ఆ కాలపు ఆటగాడికి అది తక్కువ వయస్సు కాదు. గోల్ కీపర్ టెర్రీ సాచుక్‌ను డెట్రాయిట్ అదే వేసవిలో బోస్టన్ నుండి వెనక్కు తెచ్చుకొన్నది గనుక హాల్‌తో అవసరం తీరిందనవచ్చును. ఈ వాదనలను పూర్తిగా ఒప్పుకొన్నప్పటికీ లెక్క సరిపోదు. లీగు ఉత్తమ జట్టుకు ఎంపికైన ఇద్దరిని, అట్టడుగున ఉన్న జట్టులోని నలుగురు సాధారణ ఆటగాళ్ళకు ఇచ్చివేయడం వ్యాపార బుద్ధి ఉన్నవాడు చేసే పని కాదు. తూకం ఇంత వంకరగా ఉన్నదంటే తక్కెడలో కంటికి కనిపించని రాయి ఏదో ఉన్నదని అర్థం.

ఆ రాయి పేరు కార్మిక సంఘం.

లెక్కలు అడిగిన నేరం

1947లో లీగు ఆటగాళ్ళకు పింఛను నిధి ఏర్పాటయింది. ఆటగాడు తన జీతంలోనుండి ఏటా 900 డాలర్లు ఆ నిధికి చెల్లించేవాడు. 1950ల ఆరంభంలో ఆ నిధి నిర్వహణ మండలిలో ఆటగాళ్ళ ప్రతినిధిగా ప్రవేశించిన లిండ్సే, తమ సొమ్ము ఎంత పోగయింది, ఏమవుతున్నది అని అడిగాడు. లెక్కలు చూపడానికి యజమానులు నిరాకరించారు. మాంట్రియల్ జట్టులోని డగ్ హార్వీకి కూడా ఇదే అనుభవం. మంచు మీద బద్ధవిరోధులైన ఆ ఇద్దరూ ఒక్కటైనారు. బేస్‌బాల్ ఆటగాళ్ళ సంఘానికి పనిచేసిన న్యాయవాదుల సలహా తీసుకొన్నారు. ఒక్కొక్క ఆటగాడి వద్ద 100 డాలర్ల చందా వసూలు చేస్తూ, యజమానుల చెవిన పడకుండా జట్టు తర్వాత జట్టును కూడగట్టారు. 1957 ఫిబ్రవరిలో ఆటగాళ్ళ సంఘం ఏర్పడినట్లు ప్రకటించేనాటికి ఆరు జట్లలోను దాదాపు అందరూ సభ్యులైనారు. లిండ్సే అధ్యక్షుడు. ఆ పనికి పూనుకొన్న వారెవరికీ విప్లవం తేవాలన్న ఉద్దేశం లేదు. జీతానికొక కనీస హద్దు, పింఛను లెక్కలలో పారదర్శకత, గాయపడినవాడికి వైద్యం, ఇవే వారి కోరికలు.

ఆనాటి ఒప్పందపత్రంలో రిజర్వ్ నిబంధన అనేది ఒకటుండేది. ఒకసారి సంతకం చేసిన ఆటగాడు జట్టు వదిలివేసేవరకు, అమ్మివేసేవరకు ఆ జట్టువాడే. గడువు తీరినా మరొక జట్టులో ఆడుకొనే స్వేచ్ఛ అతనికి లేదు. జట్టుకు మాత్రం అతనిని ఎప్పుడైనా, ఎక్కడికైనా పంపే స్వేచ్ఛ ఉన్నది. ఒకవైపు సంకెల, మరొకవైపు కొరడా. ఈ రెండూ ఒకే చేతిలో ఉన్నప్పుడు మార్పిడిని ఆట అవసరం అనడం ఎంతవరకు నిజం?

సంఘం ప్రకటన వెలువడిన ఐదు నెలలకు దాని అధ్యక్షుడు అట్టడుగు జట్టుకు చేరవేయబడ్డాడు. సంఘ నిర్మాణంలో ముందు నిలిచిన టొరంటో ఆటగాడు జిమ్ థామ్సన్‌ను కూడా అదే వేసవిలో అక్కడి యాజమాన్యం షికాగోకే అమ్మివేసింది. మన ఊళ్ళలో గిట్టనివారిని శంకరగిరి మాన్యాలు పట్టించడమని వింటూ ఉంటాం. ఆనాటి హాకీ ఆటగాళ్ళ శంకరగిరి షికాగో. ఇంకొక విశేషం గమనార్హం. డెట్రాయిట్ జట్టు యజమాని బ్రూస్ నారిస్, షికాగో జట్టు యజమానులలో ఒకరైన జేమ్స్ నారిస్ సవతి సోదరులు. రెండు జట్ల మధ్య మార్పిడి అని పైకి పేరే గాని, నిజానికి అది ఒక ఇంటివారు ఒక గదిలోని వస్తువును మరొక గదిలో పెట్టుకొనడం వంటిది. ఆ వస్తువు మనిషి కావడమే అందులోని విషాదం.

దెబ్బ ఎవరికి తగిలింది?

దెబ్బ గురి తప్పలేదు. సంఘం యజమానులపై గుత్తాధిపత్య నిరోధక చట్టం క్రింద దావా వేసింది, గుర్తింపు కొరకు ఒంటారియో కార్మిక సంబంధాల మండలిని ఆశ్రయించింది. అయినా లిండ్సే లేని డెట్రాయిట్ జట్టులో భయం చోటు చేసుకొన్నది. 1957 నవంబరులో ఆ జట్టు ఆటగాళ్ళే సంఘం నుండి వైదొలగినారు. ఏ జట్టులో అధ్యక్షుడు పుట్టి పెరిగాడో ఆ జట్టే ముందుగా జారిపోవడం యాదృచ్ఛికం కాదు. నాయకుడిని పంపివేసేది అతనిని శిక్షించడం కొరకే కాదు, మిగిలినవారికి చూపించడం కొరకు కూడా. 1958 ఫిబ్రవరిలో రాజీ కుదిరింది. 7,000 డాలర్ల కనీస జీతం, పింఛనులో, ఆసుపత్రి సహాయంలో కొంత పెంపు లభించాయి. సంఘం మాత్రం మిగలలేదు.

ఇక్కడ రెండు సంగతులు కలిపి చూడవలసి ఉన్నది. సంఘం ఓడిపోయినమాట వాస్తవం. కాని ఆ సంఘం లేకుంటే కనీస జీతమన్న మాటే యజమానుల నోట వచ్చేది కాదు. పోరాటం సంపూర్ణంగా విజయవంతం కాకపోయినా రిక్తహస్తాలతో తిరిగిరాదన్న మన అనుభవాన్ని ఇది ధ్రువపరుస్తున్నది.

ఇక ఆట మాటకు వద్దాం. 1958-59లో డెట్రాయిట్ జట్టు లీగులో చిట్టచివరి స్థానానికి దిగజారింది. గ్లెన్ హాల్ 1955 నుండి 1962 వరకు ఒక్క ఆట కూడా తప్పకుండా వరుసగా 502 ఆటలలో గోల్ కాపాడి, నేటికీ చెరగని రికార్డు నెలకొల్పాడు. 1961లో షికాగో స్టాన్లీ కప్ గెలిచింది. ఓడిపోయిన జట్టు డెట్రాయిట్. వయస్సు మళ్ళినదన్న సాకుతో సాగనంపబడిన లిండ్సే, 1960లో విరమించి, 1964లో ముప్పై తొమ్మిదేళ్ళ వయస్సులో అదే డెట్రాయిట్‌కు తిరిగివచ్చి ఒక ఆటల కాలమంతా ఆడి 14 గోల్స్ చేశాడు. ఆ ఏడు జట్టు పట్టికలో మొదటి స్థానం పొందింది. కక్షసాధింపు వలన నష్టపోయేది కార్మికుడొక్కడే కాడు. సంస్థ కూడా నష్టపోతుంది. అయినా యాజమాన్యాలు ఆ నష్టాన్ని భరించడానికి సిద్ధపడుతున్నాయంటే, సంఘానికి అవి ఎంతగా భయపడుతున్నాయో ఊహించవచ్చును.

ఆటగాళ్ళ సంఘం మళ్ళీ తలెత్తడానికి పదేళ్ళు పట్టింది. 1967లో పునరుద్ధరింపబడిన సంఘానికి నాయకత్వం వహించిన న్యాయవాది ఆలన్ ఈగిల్‌సన్ ఆటగాళ్ళనే మోసగించాడు. 1998లో నేరం ఒప్పుకొని జైలుశిక్ష పొందాడు. ఈ చేదు నిజాన్ని దాచిపెట్టవలసిన పని లేదు. సభ్యుల నిఘా లేని సంఘం యజమాని చేతి పనిముట్టు కాగలదని దీనివలన తెలుస్తున్నది. పింఛను నిధిలోని మిగులు సొమ్ము ఆటగాళ్ళదేనని మాజీ ఆటగాళ్ళు వేసిన దావాలో 1992లో ఒంటారియో న్యాయస్థానం తీర్పు చెప్పింది. 1994లో కెనడా సుప్రీం కోర్టు లీగు అప్పీలును స్వీకరించడానికి నిరాకరించడంతో అది స్థిరపడింది. లిండ్సే అడిగిన లెక్కకు జవాబు రావడానికి నలభై ఏళ్ళు పట్టిందన్నమాట. ఆయన 2019లో తన 93వ ఏట మరణించాడు. ఆటగాళ్ళు తమ ఓట్లతో ఎన్నుకొనే ఉత్తమ క్రీడాకారుని బహుమతికి 2010 నుండి ఆయన పేరే పెట్టుకొన్నారు.

పదిహేను మిలియన్ల డాలర్ల కన్నీరు

సంఘ నాయకుని విషయంలో అలా జరిగింది గాని, మామూలు మార్పిడులలో దోషమేమున్నదని ఎవరైనా అనవచ్చును. అందుకు 1988 నాటి ఉదాహరణ చూద్దాం. కెనడాలోని ఎడ్మంటన్ ఆయిలర్స్ జట్టు 1984, 1985, 1987, 1988 సంవత్సరాలలో స్టాన్లీ కప్ గెలిచింది. ఆ విజయాలకు మూలస్తంభమైన వేన్ గ్రెట్జ్కీని 1988 ఆగస్టు 9న ఆ జట్టు యజమాని పీటర్ పాక్లింగ్టన్ లాస్ ఏంజలెస్ కింగ్స్‌కు పంపాడు. ఆయనతో పాటు మరి ఇద్దరు ఆటగాళ్ళు వెళ్ళారు. ప్రతిగా జిమ్మీ కార్సన్, మార్టిన్ జెలినా అనే యువ ఆటగాళ్ళు, మూడు సంవత్సరాల మొదటి ఎంపిక హక్కులు, వాటితోపాటు 15 మిలియన్ల అమెరికన్ డాలర్లు, అనగా కోటిన్నర డాలర్ల నగదు ఎడ్మంటన్ యజమానికి ముట్టాయి. విలేకరుల సమావేశంలో గ్రెట్జ్కీ కన్నీరు ఆపుకోలేకపోయాడు. ప్రభుత్వం కల్పించుకొని దీనిని ఆపాలని కెనడా పార్లమెంటు సభ్యుడు నెల్సన్ రీస్ కోరాడు.

ఆటపరంగా ఈ తూకం గురించి నేటికీ వాదోపవాదాలు నడుస్తున్నాయి. ఎడ్మంటన్ 1990లో మళ్ళీ కప్ గెలిచింది గనుక నష్టం లేదని కొందరు, గ్రెట్జ్కీ రాకతో అమెరికా దక్షిణ ప్రాంతాలలో హాకీకి ఆదరణ పెరిగిందని మరికొందరు అంటారు. కావచ్చును. గ్రెట్జ్కీ చివరకు సమ్మతించాడు గనుక దీనిని లిండ్సే వ్యవహారంతో సమానంగా చూడలేం. కాని ఆ నగదు ఎవరి జేబులోకి వెళ్ళిందో గమనించండి. ఈ పాక్లింగ్టన్‌కే ఎడ్మంటన్‌లో గెయినర్స్ అనే మాంసం కర్మాగారం కూడా ఉండేది. 1986లో వెయ్యి మందికి పైగా కార్మికులు అక్కడ ఆరు నెలల పాటు సమ్మె చేశారు. సమ్మె విచ్ఛిన్నకులను బస్సులలో లోపలికి తరలించారు, వందలాది మందిని పోలీసులు అరెస్టు చేశారు. కర్మాగారంలో కార్మికుని, మంచు మైదానంలో వీరుని ఒకే యజమాని ఒకే కంటితో చూశాడు. ఇద్దరూ ఆయన పుస్తకంలో జమాఖర్చుల పద్దులే. కన్నీటికి పద్దు ఉండదు గనుక అది లెక్కలోకి రాలేదు.

ఆక్షేపణలకు సమాధానం

మా వాదనపై రెండు ఆక్షేపణలు రావచ్చును. మొదటిది: నేటి హాకీ ఆటగాళ్ళు మిలియన్ల డాలర్లు గడిస్తున్నారు, వారిపై మనకు సానుభూతి ఎందుకని. సానుభూతి మా ఉద్దేశం కాదు. హక్కు జీతాన్నిబట్టి పుట్టదు. ఎక్కువ జీతగాడికి లేని హక్కు తక్కువ జీతగాడికి ఉండదని చరిత్ర చెబుతున్నది. పైగా ఆ జీతాలు యజమానుల దయవలన పెరిగినవి కావు. 1992లో పది రోజులు సమ్మె చేసి, 2004-05లో లాకౌట్ వలన ఒక ఆటల కాలమంతా రద్దయినా తట్టుకొని నిలిచిన సంఘం సాధించుకొన్నవి.

రెండవది మరింత బరువైన ఆక్షేపణ. ఆటగాడి అనుమతి లేనిదే కదపరాదంటే జట్టును ఎలా నిర్మించడమని. దీనికి అనుభవమే జవాబు. అక్కడి ఒప్పందాలలో ‘నో ట్రేడ్ క్లాజ్’ అనే నిబంధన ఉంటున్నది. అది ఉన్న ఆటగాడిని అతని సమ్మతి లేకుండా మార్పిడి చేయరాదు. అటువంటి ఆటగాళ్ళు అనేకమంది ఉన్నప్పటికీ జట్లు మూతపడలేదు, మార్పిడులు ఆగలేదు. యాజమాన్యం ముందుగా అడుగుతున్నది, ఆటగాడు ఆలోచించి కొన్ని ఊళ్ళకు సరేనంటున్నాడు, కొన్నింటికి కాదంటున్నాడు. అడగడం వలన ఆట చెడిపోలేదు.

అయితే ఆ నిబంధనలో ఉన్న లోపాన్ని కూడా చెప్పి తీరాలి. 2005 ఒప్పందం ప్రకారం 27 ఏళ్ళ వయస్సో, ఏడేళ్ళ సర్వీసో వచ్చినవారికే అది వర్తిస్తుంది. వారిలోనూ బేరమాడగల పలుకుబడి ఉన్నవారికే అది దక్కుతుంది. నిన్నగాక మొన్న చేరిన ఇరవై ఏళ్ళ కుర్రవాడికి ఆ రక్షణ లేదు. సమ్మతి పేరున్నవాడికి బహుమానంగా ఇచ్చే వస్తువు కాకూడదు. పేరులేనివాడికే దాని అవసరం ఎక్కువ.

మన ఇంటి సంగతి

మన దేశంలో కూడా హాకీ ఆటగాళ్ళను డబ్బుతో తూచే పద్ధతి వచ్చింది. 2013లో మొదలై 2017 తర్వాత ఆగిపోయి, 2024లో పునఃప్రారంభమైన హాకీ ఇండియా లీగ్‌లో ఆటగాళ్ళను వేలం వేస్తారు. 2024 అక్టోబరు వేలంలో భారత జట్టు నాయకుడు హర్మన్‌ప్రీత్ సింగ్‌ను 78 లక్షల రూపాయలకు సూర్మా క్లబ్ దక్కించుకొన్నది. హైదరాబాద్ తూఫాన్స్ అనే పేరుతో మన తెలుగు నగరానికి కూడా ఒక జట్టు వచ్చి, ఆ మొదటి ఏడే అంతిమ పోటీ వరకు వెళ్ళింది. ఆటగాడికి నాలుగు రూపాయలు రావడం హర్షణీయమే. వేలానికి అతడు తనంతట తాను పేరు ఇచ్చుకొంటాడన్న సంగతి కూడా నిజం. కాని ఏ జట్టుకు, ఏ ఊరికి పోవాలన్నది సుత్తి దెబ్బ నిర్ణయిస్తున్నది. రేపు ఆ జట్ల మధ్య మార్పిడులు పెరిగినప్పుడు అడిగేవారెవరు? ఆటగాళ్ళకు సంఘం ఉండాలన్న ఆలోచన లిండ్సే కథ వినకముందే రావడం మంచిది.

ఇక మన బదిలీలు. బదిలీలే వద్దని మన సమాఖ్య ఎన్నడూ అనలేదు. రైలు నడవాలంటే, ఉత్తరం చేరాలంటే ఖాళీ ఉన్నచోటికి మనిషి వెళ్ళక తప్పదు. ఇద్దరి సమ్మతితో జరిగే మార్పిడికి మనవద్ద చక్కని పేరే ఉన్నది: మ్యూచువల్ ట్రాన్స్‌ఫర్. ఖాజీపేటలో ఉన్నవాడు గుంతకల్లుకు, గుంతకల్లులో ఉన్నవాడు ఖాజీపేటకు పోవాలని ఇద్దరూ కోరుకొని దరఖాస్తు పెట్టుకొంటారు. రైల్వేలో ఆ ఇద్దరి సీనియారిటీలలో తక్కువదే దక్కుతుంది. తపాలా శాఖలో రూల్ 38 క్రింద స్వంత కోరికపై వేరొక యూనిట్‌కు పోయేవాడు సీనియారిటీ వదులుకొని వరుసలో చివర నిలబడతాడు. ఇంటికి చేరువ కావాలని కోరినవాడు ఇంత మూల్యం చెల్లిస్తున్నాడు. మరి యాజమాన్యం తన కోరికపై కదిపినప్పుడు అది చెల్లించే మూల్యమేమిటి?

మా అనుభవంలోని సంఘటన ఒకటి. ఒక డివిజన్‌లో బ్రాంచి కార్యదర్శి ఒకరు సిబ్బంది క్వార్టర్ల దుస్థితిపై రిలే నిరాహారదీక్ష నిర్వహించారు. దీక్ష ముగిసిన మూడవ వారంలో ఆయన చేతికి కాగితం వచ్చింది. ‘పరిపాలనా ప్రయోజనాల దృష్ట్యా’ అన్న నాలుగు మాటలకు మించి అందులో కారణం లేదు. కుమార్తె పదవ తరగతి పరీక్షలు రెండు నెలలున్నాయి. పోయి అడిగితే, కొత్తచోట ఆయన అనుభవం ఎంతో అవసరమని అధికారి సెలవిచ్చారు. ఆ కొత్తచోట ఆయన స్థాయి ఖాళీయే లేదు! సంఘం పట్టుబట్టి ఆ లెక్కను ముందు పెట్టినప్పుడు ఉత్తర్వు వెనక్కు వెళ్ళింది. 1957లో డెట్రాయిట్ తూకం ఎలా తనను తాను బయటపెట్టుకొన్నదో, ఈ ఉత్తర్వూ అలాగే బయటపడింది. అవసరం అన్న సాకు లెక్కకు నిలువలేదు.

చట్టానికి కూడా ఈ విద్య తెలియనిది కాదు. యాజమాన్య విధానం ముసుగులో దురుద్దేశంతో కార్మికుని ఒకచోటి నుండి మరొకచోటికి బదిలీ చేయడాన్ని, 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టానికి 1982లో చేర్చిన ఐదవ షెడ్యూలు అన్యాయపు కార్మిక పద్ధతులలో ఒకటిగా పేర్కొన్నది. 2020 నాటి పారిశ్రామిక సంబంధాల స్మృతిలోని రెండవ షెడ్యూలు కూడా దానిని నిలుపుకొన్నది. కాని దురుద్దేశాన్ని రుజువు చేయవలసిన భారం మన మీదనే పడుతున్నది. దురుద్దేశం ఫైలులో నమోదు కాదు. 1974 రైల్వే సమ్మెకాలం చూసిన మన పెద్దలకు ఈ మాట వివరించి చెప్పనవసరం లేదు.

కనుక ఆటగాడి మార్పిడి అయినా, ఉద్యోగి బదిలీ అయినా, దానిని తూచడానికి మూడు ప్రశ్నలు అవసరమని మా భావన. అవసరం ఏమిటో ముందుగా వ్రాతపూర్వకంగా చెప్పారా? వెళ్ళవలసిన మనిషిని అడిగి, అతని మాట విని, అవునో కాదో నమోదు చేశారా? ఈ కాగితానికి ముందటి ఆరు నెలలలో ఆ మనిషి సంఘం తరఫున ఏమి చేశాడు? మొదటి రెండింటికి జవాబు లేక, మూడవదానికి మాత్రం జవాబు ఉన్నదంటే, అది బదిలీ కాదు, శిక్ష. ఆఫీసు బేరర్ల బదిలీని గుర్తింపు సంఘానికి ముందుగా తెలియజేయాలన్న ఉత్తర్వులు రైల్వేలో ఇప్పటికే ఉన్నాయి. ఆ రక్షణ ఆఫీసు బేరర్ల వద్ద ఆగిపోకుండా, గ్యాంగ్‌మన్‌గా పిలువబడిన నేటి ట్రాక్ మెయింటెయినర్ నుండి గ్రామీణ డాక్ సేవక్ వరకు, కారణం వినే హక్కుగా ప్రతి ఉద్యోగికి అందాలన్నది మన కోరిక. ప్రతి బ్రాంచి తన పరిధిలో జరిగిన బదిలీలను ఈ మూడు ప్రశ్నలతో పరిశీలించి, ఆ జాబితాను వచ్చే జనరల్ బాడీ సమావేశంలో సభ్యుల ముందు పెట్టాలని కోరుతున్నాము.

చివరగా ఒక్క మాట. 1957లో లిండ్సే డెట్రాయిట్‌ను వీడిన నాడు ఆయన వెంట జట్టు ఆటగాళ్ళందరూ నిలబడి ‘అధ్యక్షుణ్ణి కదిపితే మేము ఆడబోము’ అని ఉంటే చరిత్ర వేరుగా ఉండేది. నాలుగు నెలలు తిరక్కుండా వారు సంఘాన్నే వదులుకొన్నారు. వారిని నిందించి ప్రయోజనం లేదు, భయం మానవసహజం. కాని మన డివిజన్‌లో, మన ఆఫీసులో రేపు ఒక సోదరుని చేతికి అటువంటి కాగితం వచ్చినప్పుడు ఆయన దానిని ఒంటరిగా చదువుకొనే పరిస్థితి రాకూడదు. ఆయన ప్రక్కన నిలబడి ఆ కాగితాన్ని మనమందరం కలిసి చదవాలి.